సప్తసంతాన దృష్టితో సుస్థిర పర్యాటకం: రామప్ప ఆలయ పరిసరాల పరిశీలన

వ్యాససంగ్రహం:
సాంస్కృతిక వారసత్వాన్ని, ప్రకృతిని పరిరక్షిస్తూ స్థానికులకు జీవనాధారం కల్పించే పర్యాటకాన్ని సుస్థిర పర్యాటకం అంటారు. తెలుగువారి సంప్రదాయంలోని సప్తసంతాన భావన ఈ ఆలోచనకు సన్నిహితమైనది. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప ఆలయం, చెరువు, పరిసర భూములు, వాటితో ముడిపడిన నాట్యసంప్రదాయం ఆధారంగా ఈ సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: సుస్థిర పర్యాటకం, సప్తసంతానాలు, రామప్ప, కాకతీయులు, తటాకం, నృత్తరత్నావళి, పేరిణి.

1. ప్రవేశిక:
2021 జూలై 25న కాకతీయ రుద్రేశ్వరాలయం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. రామప్ప గుడిగా ప్రజలెరిగిన ఈ ఆలయం తెలంగాణ నుంచి ఆ జాబితాలో స్థానం పొందిన మొదటి కట్టడం. ఇటువంటి గుర్తింపు సందర్శకులను పెంచుతుంది. సందర్శకుల కోసం రహదారులు, వసతిగృహాలు, వాహనాల నిలుపుదల స్థలాలు వస్తాయి. ఏ విశిష్టత వల్ల గుర్తింపు లభించిందో, గుర్తింపు తెచ్చిన రద్దీయే దానిని దెబ్బతీసే అవకాశం కూడా ఉంటుంది. అందువల్ల ఇక్కడ పరిరక్షించవలసినది ఏమిటి అన్న ప్రశ్నకు ముందుగా సమాధానం వెతకాలి.

2. సుస్థిర పర్యాటకం - భావన:
భావితరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో వెలువడిన బ్రంట్‌లాండ్ నివేదిక నిర్వచించింది. దీనిని పర్యాటకానికి అన్వయించినప్పుడు ఆర్థిక, సామాజిక, పర్యావరణ ప్రభావాలు మూడింటినీ కలిపి చూడవలసి ఉంటుంది. ఐక్యరాజ్యసమితి 2017ను అభివృద్ధి కోసం సుస్థిర పర్యాటక సంవత్సరంగా ప్రకటించింది. సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో 8.9 స్థానిక ఉపాధిని, స్థానిక సంస్కృతిని పెంపొందించే పర్యాటకాన్ని కోరుతుంది, 11.4 సాంస్కృతిక, ప్రాకృతిక వారసత్వ రక్షణను కోరుతుంది. ఈ రెండు లక్ష్యాలూ ఒకేచోట నెరవేరాలన్నదే ఈ భావనలోని సారం.

3. సప్తసంతాన భావన:
తటాకం, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, కృతి, పుత్రుడు అనేవి సప్తసంతానాలు. మనిషి గతించిన తరువాత కూడా నిలిచి, లోకానికి ఉపకరించేవన్న అర్థంలో మన పూర్వులు వీటిని ఒకే వరుసలో చేర్చారు. చెరువును, గుడిని, తోటను, కావ్యాన్ని సంతానంగా భావించడంలో ఒక బాధ్యత దాగి ఉంది. సంతానాన్ని కన్నంత మాత్రాన సరిపోదు, పోషించాలి. ఈ భావన ధర్మకార్యాల పుణ్యఫలానికి సంబంధించినది. ఆధునిక పర్యావరణ శాస్త్రం దీనిలో ఉందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అయితే నిర్మాణం, నీరు, పచ్చదనం, విద్య అనే వాటిని విడదీయకుండా చూసే దృష్టి దీనిలో స్పష్టంగా ఉంది. పాలంపేటలో దేవాలయం, తటాకం, వనం, కృతి అనే నాలుగింటికి సంబంధించిన ఆధారాలు ఒకేచోట కనిపిస్తాయి.

4. దేవాలయం:
కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ ఆలయాన్ని నిర్మింపజేశాడు. నిర్మాణం సుమారు నలభై ఏళ్లు సాగినట్లు భావిస్తారు. గోడలకు ఇసుకరాయిని, స్తంభాలకు, దూలాలకు గ్రానైట్, డోలరైట్ రాళ్లను వాడారు. విమానానికి నీటిపై తేలేటంత తేలికైన, సూక్ష్మరంధ్రాలు గల ఇటుకలను వాడారు. పునాదిలో ఇసుక నింపే పద్ధతిని అనుసరించారు.

ఈ నిర్మాణ విశేషాలే పరిరక్షకులకు హెచ్చరికలు కూడా. పునాది ఇసుకపై ఆధారపడినప్పుడు చుట్టూ ఉన్న నేలలోని తేమ, ప్రకంపనలు ఉపేక్షించదగినవి కావు. మండపం నేల ఎగుడుదిగుడుగా కుంగి ఉండటాన్ని నేటి సందర్శకుడు కూడా గమనించగలడు. దేవాదుల ఎత్తిపోతల పథకం సొరంగ పనుల్లో జరిపే పేలుళ్ల వల్ల ఆలయానికి హాని కలగవచ్చన్న ఆందోళన గతంలో వ్యక్తమైంది. ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలు నిషిద్ధం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. చట్టం గీసిన ఈ హద్దు అవసరమే కాని, ఆలయ మనుగడకు ఆధారమైన నేల, నీరు ఆ హద్దు దగ్గర ఆగిపోవు.

5. తటాకం, వనం:
కొండలు, అడవులు, జలవనరులు, సాగుభూములతో కలిసి ఉండేలా ఆలయస్థలాన్ని ఎంచుకున్నారని యునెస్కో తన వివరణలో పేర్కొంది. కాబట్టి పరిసరాలను గుడికి నేపథ్యంగా మాత్రమే చూడటం సరికాదు. అవి వారసత్వంలో భాగాలు. సమీపంలోని రామప్ప చెరువు కాకతీయుల కాలం నాటిది. పాకాల, లక్నవరం చెరువులతో పాటు నేటికీ పొలాలకు నీరందిస్తున్నది.

చెరువు అంటే నీటి విస్తీర్ణం మాత్రమే కాదు. కట్ట, తూము, మత్తడి, శిఖం, ఆయకట్టు కలిసిన వ్యవస్థ అది. పర్యాటకుడు నిండుగా ఉన్న నీటిని చూడగోరుతాడు. యాసంగి పంటకు రైతు ఆ నీటిని తూము ద్వారా వదలగోరుతాడు. పడవ విహారం కోసం నీటిమట్టాన్ని నిలపాలా, పంట కోసం వదలాలా అన్న సందర్భం వస్తే ఆయకట్టు హక్కుకే ప్రాధాన్యం ఉండాలి. ఏడు శతాబ్దాలకు పైగా ఆ చెరువు నిలిచింది దానిని వాడుకుంటూ, పూడిక తీస్తూ, కట్టను కాపాడుతూ వచ్చిన సాగుదారుల వల్లనే. శిఖం భూమిలో కట్టడాలు లేచినా, ప్లాస్టిక్ వ్యర్థాలు నీటిలో చేరినా నష్టం మొదట సోకేది వారికే.

వనం విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. సప్తసంతానాలలోని వనం మనిషి నాటినది. ములుగు ప్రాంతంలోని అడవి సహజమైనది, కోయలు మొదలైన ఆదివాసుల జీవనంతో పెనవేసుకున్నది. అడవిని విహారస్థలంగా చూపదలచినవారు దానిని నివాసంగా ఎరిగినవారి సమ్మతిని ముందుగా పొందాలి.

6. కృతి:
గణపతిదేవుని గజసాహిణి జాయప సేనాని 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో నృత్తరత్నావళిని రచించాడు. మార్గ, దేశి నృత్తాలను వివరించే ఈ లక్షణగ్రంథాన్ని, రామప్ప శిల్పాలలోని నాట్యభంగిమలను ఆధారం చేసుకొని నటరాజ రామకృష్ణ పేరిణి శివతాండవాన్ని పునరుద్ధరించారు. అంటే, ఒక గ్రంథం, ఒక గుడి పరస్పరం వ్యాఖ్యానించుకోగా ఒక కళ మళ్లీ ప్రాణం పోసుకుంది.

పర్యాటక ఉత్సవాలలో పేరిణికి దక్కే కొద్ది నిమిషాల వేదికతో ఈ పరంపర నిలవదు. కళాకారునికి శిక్షణ, క్రమమైన ఆదాయం, శిష్యులు కావాలి. శిల్పాన్ని వివరించే మార్గదర్శకునికి గ్రంథ పరిచయం కావాలి. తెలుగు, సంస్కృత, చరిత్ర శాఖల పరిశోధకులు పర్యాటక ప్రణాళికలో పాలుపంచుకోవలసిన చోటు ఇదే. మదనికల అందాన్ని పొగడే మాటలకు బదులు వాటి భంగిమలను లక్షణగ్రంథంతో పోల్చి చెప్పగలిగితే సందర్శన విద్యగా మారుతుంది.

7. ఆచరణకు కొలమానాలు:
పర్యాటక విజయాన్ని సందర్శకుల సంఖ్యతో కొలవడం అలవాటుగా మారింది. పై పరిశీలన వేరే కొలమానాలను సూచిస్తున్నది. ఆలయం ఒక రోజుకు ఎంతమందిని భరించగలదో నిర్ణయించి, మండపంలోకి ప్రవేశాన్ని విడతలుగా నియంత్రించారా? వాహనాలను దూరంగా నిలుపుతున్నారా? టికెట్టు, వసతి ఆదాయంలో కొంత చెరువు నిర్వహణకు చేరుతున్నదా? మార్గదర్శకులు, వంటవారు, పడవవారు స్థానికులేనా? నిత్యపూజకు వచ్చే భక్తునికి రద్దీ అడ్డవుతున్నదా? ఈ ప్రశ్నలకు ఏటేటా సమాధానం సేకరించి గ్రామసభ ముందుంచినప్పుడే సుస్థిరత అన్న పదానికి అర్థం ఉంటుంది.

8. ముగింపు:
- రామప్ప వారసత్వం గుడి, చెరువు, భూమి, కళల మధ్య ఉన్న సంబంధంలో ఉంది. రాతిని మాత్రమే కాపాడే ప్రణాళిక అసంపూర్ణం.
- సప్తసంతాన భావన సుస్థిరతకు తెలుగు పాఠకునికి పరిచితమైన పరిభాషను అందిస్తుంది. సృష్టించినదానిని పోషించే బాధ్యతను అది గుర్తుచేస్తుంది.
- సాగుదారుల నీటిహక్కు, ఆదివాసుల సమ్మతి, కళాకారుల జీవనం పర్యాటకాభివృద్ధికి ముందస్తు షరతులు కావాలి.
- రేచర్ల రుద్రుడు కట్టించిన గుడిని చూడటానికి వచ్చే ప్రతి సందర్శకుడూ ఆ సంతానాన్ని పోషించేవారిలో ఒకడు కాగలిగినప్పుడే పర్యాటకం పరిరక్షణకు తోడ్పడుతుంది.