కాలా ఘోడా చిత్రశాలలు: కాలినడకన ఒక పూట

నాందేడు నుండి దేవగిరి ఎక్స్‌ప్రెస్సులోనో, తపోవన్‌లోనో ముంబయికి పోవు మనవారు పెక్కురు కలరు. ఉద్యోగమునకు, వైద్యమునకు, పెండ్లిండ్లకు పోవుదురు. సముద్రమును చూచి, బజారు చేసికొని తిరిగి వత్తురు. రైలు దిగిన ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్‌కు ఇంచుమించు ఒకటిన్నర కిలోమీటరు దూరమున, ఒక్క పూటలో నడచి చూడదగిన చిత్రశాలల పేట యొకటి కలదని మనలో చాలమంది యెరుగరు. దాని పేరు కాలా ఘోడా. పిల్లలను వెంటబెట్టుకొని పోవు తల్లిదండ్రులకు ఉపయోగపడునను తలంపుతో దానిని గూర్చి ఇచ్చట కొంత వివరింతుము.

కాలా ఘోడా యనగా నల్లగుఱ్ఱము. యువరాజుగా నున్న ఏడవ ఎడ్వర్డు గుఱ్ఱమెక్కియున్న కంచు విగ్రహము పూర్వమిచ్చట నుండెడిది. 1965లో దానిని తొలగించి బైకుల్లాలోని జంతుశాల తోటకు చేర్చిరి. గుఱ్ఱము పోయినను పేరు పోలేదు. 2017లో రౌతు లేని నల్లగుఱ్ఱము నొకదానిని మరల అచ్చట నిలిపిరి.

పారిసు నగరమున మోంమార్త్ర్ కొండమీద అద్దె తక్కువగుటచే బీద చిత్రకారులు చేరిరి. కాలా ఘోడాకు చిత్రకారులు వచ్చుటకు కారణము వేరు. 1857లో వెలసిన జె.జె. కళాశాల స్టేషను చెంతనే యున్నది. 1870 నాటి డేవిడ్ ససూన్ గ్రంథాలయము, 1922లో ప్రజలకు తెరచిన మ్యూజియము ఈ పేటలోనివే. చిత్రములు కొనగల సంపన్నుల కార్యాలయములును సమీపముననే కలవు. నేర్చుకొనుచోటు, చూచుచోటు, కొనువారు ఒక్కచో కూడుటచే కళ ఇచ్చట నిలద్రొక్కుకొన్నది.

హుతాత్మా చౌక్ దాటి మహాత్మా గాంధీ రోడ్డు వెంట నడచినచో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ కానవచ్చును. సర్ కావస్‌జీ జహంగీర్ గతించిన తన కుమారుని జ్ఞాపకార్థము ధనమీయగా 1952లో ఇది వెలసినది. ప్రవేశ రుసుము లేదు. ఉదయము 11 గంటల నుండి సాయంకాలము 7 వరకు తెరచియుండును. ప్రదర్శనలు సాధారణముగా వారమునకొకసారి మారుచుండును. చిత్రకారుడు తన బొమ్మల నడుమ స్వయముగా కూర్చుండుట ఇచ్చట తరచు కాననగును. పిల్లవాడు తిన్నగా పోయి, “ఇది ఎందుకిట్లు గీచితిరి?” అని అడుగవచ్చును. గ్యాలరీ వెలుపలి కాలిబాట మీదను చిత్రకారులు తమ పటములను పేర్చియుందురు. వానిని చూడక పోరాదు.

అచ్చటి నుండి కొలది నిమిషముల నడకలో జాతీయ ఆధునిక కళాశాల కలదు. పాత సభామందిరమొకటి 1996లో చిత్రశాలగా మారినది. దీనికి టిక్కెట్టు కలదు, సోమవారము సెలవు.

చూచుటకు ఒక పద్ధతి కలదు. ముందు దూరమున నిలిచి చూడవలయును, పిమ్మట దగ్గరకు పోవలయును, చేతితో తాకరాదు. ప్రక్కనున్న చీటీలో చిత్రకారుని పేరు, ఏ సంవత్సరమున గీచినది, నూనె రంగులా నీటి రంగులా యనునది వ్రాసియుండును. చీటీని చివరకు చదువుట మేలు. ఒక్క పూటలో నాలుగు చిత్రములు నిదానముగా చూచిన చాలును.

“లెక్కలు చెప్పింపక ఈ బొమ్మల పీరియడు ఎందులకు?” అని మమ్ము అడుగు తల్లిదండ్రులు కలరు. వారి భయము మాకు తెలియును. మన పిల్లలు ఇంట తెలుగు, వీథిలో మరాఠీ, పరీక్షకు ఇంగ్లీషు మోయుచున్నారు. మరియొక భారమేలయని వారి శంక. కాని రంగునకు భాష యక్కరలేదు. మాట తడబడు పిల్లవాడు గీతలో తడబడకపోవచ్చును.

కె.హెచ్. ఆరా కథ వినుడు. సికింద్రాబాదు చెంత బొల్లారమున జన్మించి, పసితనముననే బొంబాయి చేరి, కార్లు తుడిచి, ఇండ్లలో పనిచేసి, తనంతట తానే చిత్రలేఖనము నేర్చెను. 1947లో సూజా, రజా, హుసేన్ మున్నగువారితో కలిసి ప్రగతిశీల చిత్రకారుల బృందమును స్థాపించెను. కరీంనగరు జిల్లా వాడైన పి.టి. రెడ్డి జె.జె.లోనే చదివెను. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు ప్రతిభను కూల్డ్రే దొర కనిపెట్టి అదే కళాశాలకు పంపెను. రామారావు 1925లో ఇరువదియెనిమిదవ యేటనే గతించినను ఆయన పేరిట చిత్రశాల నేటికిని ఆ ఊర నున్నది.

ప్రతి పిల్లవాడును చిత్రకారుడు కానక్కరలేదు. కాని రామారావునకు కూల్డ్రే వలె, బొమ్మను చూచి “బాగున్నది, ఇంకొకటి గీయుము” అను పెద్దవాడొకడు ప్రతి పిల్లవానికిని కావలయును. ఈ సెలవులలో ముంబయికి పోవువారు పిల్లలచేతికొక నోటుబుక్కు, పెన్సిలు ఇచ్చి ఆ వీథి నడిపింపుడు. తిరిగివచ్చిన పిమ్మట వారు గీచిన బొమ్మను బడికి పంపుడు. మా వరండా గోడ మీద దానికి చోటుంచెదము.