కనిపించని పాము

యానాంలో మా మేనత్తగారి యింట ఒక వేసవి మధ్యాహ్నమున, టీవీకి తగిలించిన వీడియో గేము పెట్టె యెదుట బాసింపట్టు వేసికొని కూర్చున్న మా బావ, అన్నమునకు పిలిచినను లేవక, చెమట తుడుచుకొనుటకైనను రిమోటు వదలక, మూడు గంటలసేపు గోడలు దూకించి, గోతులు దాటించి, తన వీరుని చివరి కోట వాకిలి దాకా తీసికొనిపోయిన క్షణమున కరెంటు పోయినది. ఫ్యాను రెక్కలు మెల్లగా ఆగినవి, తెర నల్లబడినది. మా అత్తయ్య వంటింటి గడపలో నిలిచి, "పోతే పోయిందిలేరా, వచ్చాక మళ్ళీ ఆడుకో" అని యూరడించినది. "మళ్ళీ అంటే మొదట్నుంచీనే అమ్మా!" అని బావ రిమోటును చాపమీద విసరివేసినాడు.

ఆ క్యాసెట్టులో, ఆడినంతవరకు దాచిపెట్టుకొను ఏర్పాటు, అనగా నేటి పిల్లలు సేవ్ అనుచున్నది, లేదు. అది అసాధ్యమైన పనియు కాదు. 1987లో అమెరికాలో వెలువడిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' క్యాసెట్టులో ఒక చిన్న బ్యాటరీ నమర్చి, కరెంటు లేకున్నను ఆటగాని శ్రమ చెరిగిపోకుండ చేసిరి. అట్టి బ్యాటరీకి ఖర్చగును గనుక పెక్కు క్యాసెట్లలో దానిని పెట్టరైరి. ఆ పొదుపు చేసినవా రెక్కడివారో గాని, దాని మూల్యము చెల్లించినది యానాంలోని పిల్లవాడు.

ఆటలో ఓడుట ఎవనికిని కొత్త కాదు. వైకుంఠపాళి పటములో, పరమపదమునకు నాలుగు గడుల దూరమున నున్నవానిని పెద్దపాము మ్రింగి అట్టడుగునకు దింపినను, మన నాయనమ్మలు గవ్వలను తిట్టిరే గాని పటమును చింపివేయలేదు. ఏలయన ఆ పాము మొదటినుండియు పటముమీదనే, అందరికిని కనుపించునట్లు, తల యెక్కడనో తోక యెక్కడనో తెలియునట్లు పరుండియున్నది. యానాం వారికి ఈ సూక్ష్మము మరింత బాగుగ తెలియవలెను. బాల్యవివాహములను నిషేధించుచు 1929లో శారదా చట్టము పుట్టిన తరువాత, ఆంగ్లేయుల యేలుబడిలోని తెలుగువారు పిల్లలను వెంటబెట్టుకొని ఫ్రెంచివారి హద్దులోనికి వచ్చి పెండ్లిండ్లు చేసికొని పోవుచుండిరి. ఊరికి కల్యాణాల యానాం అను పేరు అందువలననే వచ్చినది. ఆ పని మంచిదా చెడ్డదా యనునది వేరు విచారము. ఈ హద్దున కీవల నొక శాసనము, ఆవల మరియొక శాసనము అను సంగతి మాత్రము బండి తోలువానికిని తెలిసియుండెను. నియమము కఠినమైనను మనుష్యుడు సహించును. హద్దురాయి పాతకయే, దాటితివని దండించిన సహింపడు. వీడియో గేములలో ఆటగాండ్రకు కడుపుమంట కలిగించు లోపములలో హెచ్చుభాగము ఈ కోవలోనివే.

వీనికి మూలము కొంత వెనుకటిది. అంగడులలో నాణెము వేసి ఆడు యంత్రముల కాలమున, ఎంత త్వరగా ఓడిన అంత త్వరగా మరియొక నాణెము పడునని లెక్క. 1985 నాటి 'గాంట్లెట్' అను ఆటలో, శత్రువు దగ్గరకు రాకున్నను, ఊరక నిలిచినను, ఆటగాని ప్రాణబలము గడియారముతో పాటు తరిగిపోవుచుండును. నాణెము వేసినచో పెరుగును. పొట్టకూటి కొరకు పుట్టిన ఆ కాఠిన్యము, యంత్రము అంగడినుండి యింటికి వచ్చిన పిమ్మటను, నాణెము వేయు రంధ్రము లేని పెట్టెలలో సయితము, అలవాటుగా మిగిలిపోయినది.

మరికొన్ని లోపములకు త్వరయే తల్లి. 1982లో అటారీ సంస్థ, స్పీల్‌బర్గు చలనచిత్రము పేరిట 'ఈ.టీ.' అను ఆటను పండుగనాటికి అంగడిలో పెట్టవలెనని, హవర్డ్ స్కాట్ వార్‌షా అను నొక్కనిచే సుమారు ఐదు వారములలో చేయించినది. అందులోని జీవి అడుగడుగునకు గోతులలో పడుచుండును. ఎక్కి రాగానే మరల పడును. అమ్ముడుపోని క్యాసెట్లలో కొన్నింటిని 1983లో న్యూమెక్సికో ఎడారిలో పాతిపెట్టిరి. 2014లో త్రవ్వి చూడగా అవి నిజముగనే బయటపడినవి. ఆటగాండ్రను గోతులలో పడవేసిన ఆట తుదకు తానే గోతిలో పడినది.

అయితే త్వరపడక, శ్రద్ధతో, ప్రతిభతో కట్టిన ఆటలలోను ఒక చిన్న ముల్లు గ్రుచ్చుకొనుచుండును. 1998లో వచ్చిన 'ఒకారినా ఆఫ్ టైమ్' లోకమంతయు మెచ్చిన ఆట. దానిలోని నీటి కోవెల మాత్రము మెచ్చినవారికే తలనొప్పి. ఆ కోవెలలో నీటిమట్టమును పెంచుచు తగ్గించుచు దారి వెదకవలెను; గోదావరి యొడ్డున పుట్టి ఆటుపోటులు చూచి పెరిగినవారికి ఆ యూహ ముచ్చటగనే తోచును. చిక్కు నీటిలో లేదు, జోళ్ళలో నున్నది. అడుగునకు మునుగవలెనన్న ఇనుప జోళ్ళు తొడుగవలెను, తేలవలెనన్న విప్పవలెను. తొడిగినప్పుడెల్ల, విప్పినప్పుడెల్ల, ఆటను ఆపి, జాబితా తెరచి, జోళ్ళ నెన్నుకొని, జాబితా మూసి, మరల ఆటలోనికి రావలెను. ఇట్లు పదులకొలది మారులు. 2011లో ఆ ఆటను క్రొత్త యంత్రమునకు మార్చినప్పుడు, జోళ్ళను ఒక్క మీటతో తొడిగి విప్పునట్లు సవరించిరి. కోవెల కష్టము అట్లే యున్నది, విసుగు పోయినది. కష్టమును విసుగును వేరువేరు వస్తువులనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

మన ఊళ్ళ ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతయని యిచ్చి ఆడినవారు 'వైస్ సిటీ'ని మరచియుండరు. ఊరంతయు కారులో స్వేచ్ఛగ తిరుగనిచ్చిన ఆ ఆట, నడుమ నొకచోట, అంతవరకు నేర్పని విద్యను హఠాత్తుగా అడుగును: బొమ్మ హెలికాప్టరును నడుపుచు, కట్టుచున్న భవనము అంతస్తులలోనికి నాలుగు బాంబులను కాలపరిమితి లోపల చేర్చవలెను. పాఠము చెప్పక పరీక్ష పెట్టినట్లున్న ఆ ఘట్టమున ఎందరో ఆగిపోయి, కథ ముందు కేమగునో చూడకయే పెద్దవారైరి.

ఇక నేటి ఫోను ఆటలలో ముల్లు పొరపాటున దిగినది కాదు, కోరి నాటినది. 'క్యాండీ క్రష్'లో ఐదు లైఫులు. అవి యైపోయిన, ఒక్కొక్కటి మరల పుట్టుటకు అరగంట. వేచియుండలేనివాడు డబ్బు చెల్లించవలెను, లేదా స్నేహితులను అర్థించవలెను. నిరీక్షణము ఆటలో భాగము కాదు. అదియే అమ్మకపు సరకు. మొన్న గౌతమి గట్టుమీద కూర్చుండి మా బావ కుమారు డేదో ఆట ఆడుచుండగా చూచితిని. ప్రతి లెవెల్ చివరను ఒక ప్రకటన వచ్చును; దానిని మూయవలసిన ఇంటు గుర్తు తెరమూలన ఆవగింజంత, అదియు కొంతసేపటికి గాని పుట్టదు; పుట్టినంతనే నొక్కబోయిన వాని బొటనవ్రేలు ప్రక్కన తగిలి, ఆట పోయి మరియొక యాప్ దుకాణము తెరచుకొన్నది. వాడు తిరిగి వచ్చులోపల ఆట మొదటికి వచ్చినది. "ఓడిపోయావా?" అంటిని. "నేను ఓడిపోలేదు మావయ్యా, ఇదే నన్ను ఓడిస్తోంది" అన్నాడు.

ఆ పిల్లవాడు తెలియకయే ధర్మసూక్ష్మము చెప్పినాడు. వీడియో గేములలో, లోపల నేమున్నదో తెలియని పెట్టెలను ఆటగాండ్రకు డబ్బుకు అమ్ము పద్ధతిని గూర్చి 2018లో బెల్జియము జూద నియంత్రణాధికారులు, ఇది మా దేశపు జూద చట్టమునకు విరుద్ధమని తేల్చిరి. మనయెడ 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీ వంటి పందెపు టాటలను నిషేధించినప్పుడు, పుదుచ్చేరిలో భాగమైన యానాంకు, చుట్టును ఆంధ్రప్రదేశమే యున్నను, ఆ శాసనము వర్తింపలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టముతో డబ్బు పందెముల ఆన్‌లైన్ ఆటలకు దేశమంతట నిషేధము వచ్చినది. కాని విసుగును అమ్ముటకు నిషేధము లేదు, ఉండుటయు కష్టమే.

కఠినమైన ఆటలన్నియు చెడ్డవని నా భావము కాదు. 2013లో వచ్చిన 'ఫ్లాపీ బర్డ్' క్షణమున కొకమారు ఓడించెడిది. ఐనను పక్షి తప్పించుకొనవలసిన గొట్టములు కనుల యెదుటనే యుండెను, తప్పు మన వ్రేలిదే, మరల మొదలగుటకు రెప్పపాటు చాలును. 2018 నాటి 'సెలెస్ట్' కొండ యెక్కు ఆట, మహాకఠినము. ఐనను అలసినవానికి వేగము తగ్గించుకొను వెసులుబాటును మొగమోటము లేక యిచ్చినది. ఓటమి అచట గురువు, దళారి కాదు.

కావున తలిదండ్రుల కొక్క మనవి. మీ పిల్లవాడు ఫోనును మంచముమీద విసరికొట్టినప్పుడు, కోపపడుటకు ముందు, నీవే ఓడితివా, అది నిన్ను ఓడించినదా యని యడుగుడు. మొదటిదైన, మరల ఆడనిండు. పట్టుదల యనునది అట్లే అలవడును. రెండవదైన, పిల్లవానిని దండింపక ఆ ఆటను ఫోనునుండి తీసివేయుడు.