పదేళ్ల సర్వీసు తరువాత: అమెరికా రిజర్వు సైనికుడు, కొనసాగింపు బోనస్

అమెరికాలో 1973లో నిర్బంధ సైనిక భర్తీ ముగిసిన నాటి నుంచి సైన్యం స్వచ్ఛందంగా చేరేవారి మీదే ఆధారపడుతోంది. వారిలో గణనీయమైన భాగం రిజర్వు దళాలకు, నేషనల్ గార్డుకు చెందినవారు. అంటే బయట వేరే ఉద్యోగం చేసుకుంటూ, సాధారణంగా నెలకు ఒక వారాంతం, ఏడాదికి రెండు వారాలు శిక్షణకు హాజరవుతూ, పిలుపు వస్తే యుద్ధరంగానికీ వెళ్లేవారు. వీరిలో ఎనిమిదేళ్ల నుంచి పన్నెండేళ్ల సర్వీసు ఉన్నవారిని నిలుపుకోవడం ప్రభుత్వానికి కష్టమైన పని.

కొత్తగా చేరినవారిని ఒప్పందం కట్టి ఉంచుతుంది. సైనిక బాధ్యత సాధారణంగా మొత్తం ఎనిమిదేళ్లు ఉంటుంది. పదిహేడు, పద్దెనిమిదేళ్లు గడిచినవారిని పింఛను ఆపుతుంది, ఎందుకంటే ఇరవై అర్హత సంవత్సరాలు నిండితేనే అది దక్కుతుంది. మధ్యలో ఉన్నవారికి ఒప్పందం తీరిపోయి ఉంటుంది, పింఛను ఇంకా చాలా దూరంలో ఉంటుంది; పైగా రిజర్వు సైనికుడికి ఆ పింఛను కూడా సాధారణంగా అరవై ఏళ్ల వయసులో గానీ మొదలు కాదు. పదేళ్ల అనుభవమున్న సార్జెంటు వెళ్లిపోతే, అదే అనుభవం గల మనిషిని బయటి నుంచి నేరుగా తెచ్చుకునే వీలు సైన్యానికి దాదాపుగా లేదు కనుక, కింది మెట్టు నుంచి మరొకరిని పెంచుకుంటూ రావలసిందే.

ఈ ఖాళీని పూరించేందుకే రిటెన్షన్ బోనస్‌లు, అంటే మరికొన్నేళ్లు కొనసాగుతానని సంతకం చేసినవారికి ఇచ్చే ప్రోత్సాహక మొత్తాలు, వచ్చాయి. 2018 జనవరి 1న అమల్లోకి వచ్చిన కొత్త పింఛను విధానం ప్రతి సర్వీసు సంవత్సరానికి పింఛను లెక్కను రెండున్నర శాతం నుంచి రెండు శాతానికి తగ్గించి, బదులుగా పొదుపు ఖాతాలో ప్రభుత్వ వాటాతో పాటు కంటిన్యుయేషన్ పే అనే ఏకమొత్తాన్ని చేర్చింది. పన్నెండేళ్లు నిండేలోపు కోరుకుని, కనీసం మరో మూడేళ్లు పనిచేస్తానని ఒప్పుకున్న రిజర్వు సైనికుడికి, పూర్తికాల సైనికుడి నెల మూలవేతనంలో సగం నుంచి ఆరు రెట్ల వరకు ఇవ్వడానికి చట్టం అనుమతిస్తుంది. ఆ మూలవేతనం 4,000 డాలర్లు అనుకుంటే బోనస్ 2,000 నుంచి 24,000 డాలర్ల మధ్య ఉంటుంది. అదే వ్యక్తికి ఒక వారాంతపు నాలుగు డ్రిల్లులకు, ఒక్కోదానికి నెల వేతనంలో ముప్ఫయ్యో వంతు చొప్పున, వచ్చేది సుమారు 533 డాలర్లే.

పింఛనునే పెంచకుండా చేతికి ఏకమొత్తం ఎందుకు ఇవ్వాలన్న ప్రశ్నకు 1990ల తొలినాళ్ల అనుభవం జవాబిస్తుంది. అప్పుడు సైన్యాన్ని కుదిస్తూ, వైదొలగేవారిని ఏకమొత్తం గానీ, ఏటా వచ్చే చెల్లింపులు గానీ ఎంచుకోమన్నారు. ఏటా వచ్చేదే లెక్క ప్రకారం ఎక్కువ లాభం అయినప్పటికీ, అధికారుల్లో సగానికి పైగా, దిగువ శ్రేణి సైనికుల్లో తొంభై శాతానికి పైగా ఏకమొత్తాన్నే ఎంచుకున్నారని జాన్ వార్నర్, సాల్ ప్లీటర్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో చూపారు. ఇంటి అప్పు, పిల్లల చదువు ఎదురుగా ఉన్న మనిషికి అరవయ్యో ఏట వచ్చే డబ్బు కన్నా ఇప్పుడు చేతికందేదే బలంగా కనిపించడం సహజం.

అయితే బోనస్ అన్నిటినీ కొనలేదు. విధులకు వెళ్లి తిరిగొచ్చినవారి ఉద్యోగాన్ని 1994 నాటి చట్టం కాపాడుతుంది గానీ, వారాంతంలో ఇంట్లో లేని తండ్రి లోటునో తల్లి లోటునో ఏ చట్టమూ తీర్చదు. సంతకం చేసిన కాలం పూర్తి చేయకపోతే మిగిలిన మేరకు బోనస్ తిరిగి కట్టాల్సి రావచ్చునన్న షరతూ ఉంది.

ఆ షరతు తప్పుదారి పడితే ఏమవుతుందో కాలిఫోర్నియాలో తేలింది. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాలు తీవ్రంగా సాగుతున్న కాలంలో అక్కడి నేషనల్ గార్డు అధికారులు అర్హత సరిగా చూడకుండా, కొన్నిచోట్ల మోసపూరితంగా కూడా బోనస్‌లు మంజూరు చేశారు. పదేళ్ల తరువాత దాదాపు పదివేల మంది సైనికులను, వారిలో యుద్ధానికి వెళ్లి వచ్చినవారిని సైతం, ఆ డబ్బు తిరిగి కట్టమన్నారు. ఇచ్చిన మాటను నమ్మి సర్వీసు పూర్తి చేసినవారి మీద కార్యాలయపు తప్పును మోపడం ఘోరమైన అన్యాయం, పైగా తరువాత సంతకం చేయబోయేవారి నమ్మకాన్నీ అది దెబ్బతీస్తుంది. 2016 అక్టోబరులో ఈ సంగతి పత్రికలకెక్కడంతో రక్షణ మంత్రి యాష్ కార్టర్ వసూళ్లను నిలిపివేయించగా, అదే ఏడాది డిసెంబరులో వచ్చిన చట్టం, తెలిసి తప్పు చేయని సైనికుల బాకీలను సమీక్షించి రద్దు చేసేందుకు దారి ఏర్పరచింది.