ఆకలి గ్రాహకం: జఠరం పంపే సందేశం, మందుల తయారీలో దాని స్థానం

మాజీ సైనికోద్యోగుల నివాసాలతో ఏర్పడిన సికింద్రాబాదు సైనిక్‌పురి వంటి కాలనీలలో, డెబ్బై దాటిన పెద్దల గురించి ఇంటివారు చెప్పే దిగులు తరచుగా ఒకటే: ముద్ద దిగడం లేదు, ఒళ్ళు తగ్గిపోతున్నది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో, ఇందుకు పూర్తిగా భిన్నమైన లక్షణం గల ఎలుకల వంశం ఉన్నది. ఆ సంస్థ దశాబ్దాలుగా పెంచుతున్న విస్టార్ ఎలుకలలో సహజ ఉత్పరివర్తనం వల్ల పుట్టిన ఈ స్థూలకాయ వంశాన్ని 1996లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. అవి అతిగా తింటాయి, అతిగా నీరు త్రాగుతాయి, సంతానాన్ని ఇవ్వలేవు. ఆకలి లేకపోవడమైనా, తీరని ఆకలి అయినా సంకల్పబలానికి సంబంధించినది కాదనీ, దానికి శరీరధర్మంలో మూలం ఉన్నదనీ ఈ ఎలుకలను చూసినవారు సులభంగా అంగీకరిస్తారు.

అదే 1996లో అమెరికాలోని మెర్క్ సంస్థ పరిశోధకులు పీయూష గ్రంథిలోను, హైపోథలామస్‌లోను ఒక గ్రాహకాన్ని గుర్తించారు. పెరుగుదల హార్మోన్‌ను విడుదల చేయించే కృత్రిమ పెప్టైడ్‌లను బవర్స్ బృందం అంతకు ఎంతో ముందే తయారుచేసింది. అవి పనిచేసే తావు ఇప్పుడు తెలిసింది. అంటే తాళం దొరికింది. శరీరం వాడే అసలు తాళంచెవి మాత్రం దొరకలేదు. దానికోసం అనేకులు మెదడును గాలించగా, జపాన్‌కు చెందిన కొజిమా, కంగావా 1999లో దానిని ఎలుక జఠరంలో కనుగొన్నారు. అదే గ్రెలిన్. ఆకలిని కలిగించే సందేశం ఖాళీ కడుపు నుంచే బయలుదేరుతుందన్న మాట.

28 అమైనో ఆమ్లాల ఈ పెప్టైడ్‌లో మూడవ స్థానంలోని సెరీన్‌కు ఎనిమిది కార్బన్ల ఆక్టనోయిక్ ఆమ్లం అతుక్కొని ఉంటుంది. ఆ కొవ్వు ఆమ్లం లేనిదే గ్రాహకం దానిని దాదాపు గుర్తించదు. అతికించే ఎంజైమ్ 2008లో తెలిసింది. కొబ్బరినూనెలో కొద్దిపాళ్ళలో లభించే కొవ్వు ఆమ్లం కూడా ఇదే. ఇటువంటి మధ్యమ గొలుసు కొవ్వులు తినిపించిన చుంచెలుకలలో క్రియాశీల గ్రెలిన్ పెరిగినట్లు జపాన్ పరిశోధకులు చూపారు. నూనెగింజల శాస్త్రవేత్తలు కొవ్వును శక్తిగా మాత్రమే లెక్కించడం ఎంత అసంపూర్ణమో దీనివల్ల తెలుస్తుంది.

గ్రాహకానికి మరొక విశేషం ఉన్నది. హార్మోన్ తాకకపోయినా అది పూర్తిగా నిద్రించదు. గరిష్ఠ సంకేతంలో సుమారు సగం తనంతట తానే పంపుతూ ఉంటుంది. ఈ స్వయంచలనాన్ని తగ్గించే ఒక జన్యు మార్పు పొట్టితనంతో కూడిన కుటుంబాలలో 2006లో బయటపడింది. కాలేయం, చిన్నప్రేగు తయారుచేసే లీప్-2 అనే పెప్టైడ్ ఈ గ్రాహకాన్ని సహజంగా అడ్డుకుంటుందని 2018లో తేలింది. అయితే గ్రెలిన్‌ను అణచివేస్తే స్థూలకాయం తగ్గుతుందనే ఊహ అంత తేలికగా నిలవలేదు. స్థూలకాయుల రక్తంలో గ్రెలిన్ సాధారణంగా తక్కువగానే ఉంటుంది. ఆహారం తగ్గించి బరువు కోల్పోయినప్పుడు మాత్రం పెరుగుతుంది. తగ్గిన బరువు తిరిగి రావడానికి ఇదొక కారణం కావచ్చు. తీరని ఆకలి ప్రధాన లక్షణమైన ప్రేడర్-విల్లీ వ్యాధిలో మాత్రం గ్రెలిన్ ఎక్కువగా కనిపిస్తుంది.

గ్రాహకాన్ని ఉత్తేజపరచే మందుల చరిత్ర జాగ్రత్తగా చదవదగినది. 2017లో అమెరికాలో అనుమతి పొందిన మాసిమోరెలిన్ చికిత్సకు కాదు, పెద్దలలో పెరుగుదల హార్మోన్ లోపాన్ని నిర్ధారించే పరీక్షకు. కాన్సర్‌లో ఒళ్ళు కరిగిపోయేవారికి ఇచ్చిన అనమోరెలిన్ కొవ్వేతర దేహభారాన్ని పెంచింది కాని, చేతిపట్టు బలాన్ని పెంచలేదు. యూరప్ నియంత్రణ సంస్థ 2017లో దానిని నిరాకరించగా, జపాన్ 2021లో అనుమతించింది. 2008లో ప్రచురితమైన పరీక్షలో 60 ఏళ్ళు దాటిన 65 మంది ఆరోగ్యవంతులు పాల్గొన్నారు. వారిలో ఇబుటామోరెన్ తీసుకున్నవారికి కొవ్వేతర భారం సుమారు 1.1 కిలోలు పెరిగింది. బలం పెరగలేదు, రక్తంలో చక్కెర కొంత హెచ్చింది. పైరు ఏపుగా పెరిగి గింజ పట్టకపోతే దానిని దిగుబడి అని ఏ రైతూ అనడు. కండలు పెంచుతుందంటూ అమ్ముతున్న ఈ ఇబుటామోరెన్ ఆమోదిత ఔషధం కాదు, క్రీడలలో నిషిద్ధం. వృద్ధుల నీరసానికి దానిని సూచించడం మరింత ప్రమాదకరం.

పశువైద్యం ఈ విషయంలో ముందడుగు వేసింది. కాప్రోమోరెలిన్‌కు అమెరికాలో 2016లో కుక్కల ఆకలి పెంచడానికి, 2020లో మూత్రపిండాల వ్యాధితో బరువు తగ్గుతున్న పిల్లులకు అనుమతి లభించింది. దీనిని చూసి కోళ్ళ దాణాకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుందని భావిస్తే పొరపాటు. కోడి గ్రెలిన్‌లో 26 అమైనో ఆమ్లాలుంటాయి. దాని గ్రాహకం కూడా పెరుగుదల హార్మోన్ విడుదలకు తోడ్పడుతుంది. కాని కోడిపిల్లల మెదడులోకి గ్రెలిన్‌ను ఎక్కించినప్పుడు అవి మేత మేయడం తగ్గించాయి. ఎలుకలో ఆకలిని రేపిన అణువే కోడిలో దానిని చల్లార్చింది. కనుక క్షీరదాల ఫలితాలను చూపి ఆకలి పెంచే దాణా మిశ్రమాలను అమ్మజూపేవారిని, ఆ ప్రయోగం కోళ్ళపైనే జరిగిందా, మేత పరిమాణంతోపాటు మేతకు తగిన బరువు కూడా పెరిగిందా అని విస్తరణ శాస్త్రవేత్తలు ముందుగా అడగాలి.