రక్తచందనం మన కొండలకే ఎందుకు పరిమితమైంది?

తెలుగువారి ఇళ్లలో సానరాయి పక్కన ఒకప్పుడు తప్పక కనిపించే వస్తువు రక్తచందనపు చెక్క. వేసవిలో చెమటకాయలు లేచినా, పిల్లవానికి దెబ్బ తగిలి బొప్పి కట్టినా, ఎండదెబ్బకు నుదురు భగభగమన్నా పెద్దలు ఆ చెక్కను నీటిచుక్కతో అరగదీసి పట్టు వేసేవారు. తిరుపతి వెళ్ళివచ్చినవారు తెచ్చే ఆలుమగల ఎర్రకొయ్య బొమ్మలు సైతం ఈ కొయ్యతో చేసినవే. ఇంతగా మన సంసారాలలో కలిసిపోయిన ఈ వృక్షం తూర్పు కనుమల దక్షిణ భాగాన తప్ప ప్రపంచంలో మరే అడవిలోనూ సహజంగా పుట్టదన్న సంగతి చాలామందికి తెలియదు.

వైద్యవృత్తిలో ఉన్న నన్ను, "మంచి రక్తచందనం ఏ దుకాణంలో దొరుకుతుంది?" అని అడిగినవారు అనేకులు. "అది ఎక్కడ పుడుతుంది? అక్కడే ఎందుకు పుడుతుంది?" అని అడిగినవారు అరుదు. రెండవ ప్రశ్నకు సమాధానం తెలిసిన గృహస్థు మొదటి ప్రశ్నను మరింత జాగ్రత్తగా అడుగుతాడని నా నమ్మకం.

తోబుట్టువులలో తేడా

ఒక ప్రాంతానికే పరిమితమై, మరెక్కడా సహజంగా కనిపించని జీవజాతులను స్థానీయ జాతులంటారు. వీటి స్వభావం అర్థం కావాలంటే ఒకే కుటుంబానికి చెందిన రెండు చెట్లను పక్కపక్కన నిలిపి చూడాలి. ఒకటి వేగిస. సంస్కృతంలో దీనిని బీజకమనీ, అసనమనీ అంటారు. మధుమేహరోగులు రాత్రి నీరు పోసి ఉంచి ఉదయం త్రాగే కొయ్య గ్లాసు ఈ చెట్టుదే. రెండవది రక్తచందనం. శాస్త్రజ్ఞులు రెండింటినీ టెరోకార్పస్ అనే ఒకే ప్రజాతిలో చేర్చారు. రెండింటికీ పసుపు పువ్వులే, రెండింటికీ రెక్క కట్టిన గుండ్రని కాయలే.

అయినా వేగిస పడమటి కనుమలలోను, మధ్య భారతంలోను, శ్రీలంకలోను పెరుగుతుంది. రక్తచందనం మాత్రం శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు, నల్లమల దక్షిణపు అంచులు దాటి దాదాపు ఎక్కడికీ పోలేదు. పాత జిల్లాల లెక్కన చెప్పాలంటే కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు, ప్రకాశం జిల్లాలు దీని పుట్టినిల్లు. పొరుగున తమిళనాడు, కర్ణాటక సరిహద్దు కొండలలో అక్కడక్కడ కొద్దిపాటిగా కనిపిస్తుంది.

రాయి, వాన, గాలి

ఇందుకు మొదటి కారణం నేల. ఈ కొండల రాళ్ళు నూరు కోట్ల సంవత్సరాలకు పైబడినవి. అతి ప్రాచీనమైన సముద్రంలో పేరుకున్న ఇసుక, బురద గట్టిపడి క్వార్ట్‌జైట్ శిలగాను, పలకరాయిగాను మారాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ శిలాసముదాయానికి కడప పేరే పెట్టారు. దీని మీది మట్టి పలుచన, సారం తక్కువ, గులకరాళ్ళు ఎక్కువ. వాన పడినంతసేపూ నీరు జారిపోతుందే గాని నిలువదు. ఇతర వృక్షాలకు ఇది దారిద్ర్యం. వేరు దగ్గర నీరు నిలిస్తే సహించని రక్తచందనానికి ఇదే ఐశ్వర్యం. నీడను కూడ అది ఓర్వదు. దట్టమైన తడి అడవిలో ఎత్తయిన చెట్ల క్రింద దాని మొలక బ్రతకడం కష్టం. పలుచని ఎండు అడవిలో, నలభై డిగ్రీలు మించిన ఎండలో, ఇతరులు విడిచిన చోట అది నిలదొక్కుకుంటుంది.

రెండవ కారణం వాన. ఈ కొండలకు నైరుతి ఋతుపవనం కొంత, ఈశాన్య ఋతుపవనం కొంత నీరిస్తాయి. పడమట అనంతపురం వైపు సాగితే వర్షం బాగా తగ్గిపోతుంది. తూర్పున కోస్తా మైదానంలోకి దిగితే నీరు నిలిచే నేలలు, వరిమళ్ళు ఎదురవుతాయి. ఈ విధంగా కొండలవరుస చుట్టూ కనిపించని గోడ ఏర్పడింది.

మూడవ కారణం విత్తనం. కొబ్బరికాయ సముద్రం మీద తేలిపోగలదు. మర్రిగింజ పక్షికడుపులో పయనించగలదు. రక్తచందనపు కాయకు ఉన్నదల్లా చుట్టూ పలుచని రెక్క. గాలి ఎంతదూరం మోస్తే అంతే దాని ప్రయాణం. ఒక కొండ నుంచి పక్క కొండకు చేరగలదు గాని, విశాలమైన మైదానాన్ని దాటి అనుకూలమైన మరో నేలను వెదుక్కోలేదు.

"నాటితే ఇతర చోట్ల కూడ పెరుగుతున్నది కదా" అని కొందరు సందేహిస్తారు. నిజమే, పెరుగుతుంది. అయితే మనకు కావలసినది మాను కాదు, దాని నడుమ ఉండే ఎర్రని చేవ. సారవంతమైన నేలలో నీరు పెట్టి పెంచితే మాను త్వరగా లావెక్కుతుంది గాని, చేవ ఆ వేగంతో కట్టదని పెంపకందారుల అనుభవం. చేవ చెప్పుకోదగినంత కట్టడానికి రెండు మూడు దశాబ్దాలైనా పడుతుంది.

ఆ కొండల మరికొన్ని సొత్తులు

రక్తచందనం ఒంటరి కాదు. కొండసాంబ్రాణి చెట్టు, మొగినేరేడు, తెల్లకరక, తంబజాలరి కూడ ప్రధానంగా ఈ కొండలనే నమ్ముకొన్నవి. తిరుమల కొండలలో పేరీత అనే చిన్న ఈతచెట్టు వంటి మొక్క ఉన్నది. దీని మగ పొత్తులను బలానికి మందుగా నాటువైద్యులు కోసుకొనిపోవడం వల్ల విత్తనం కట్టడమే తగ్గింది. అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో దీనిని చేర్చారు. కడప ప్రాంతపు పొదల అడవిలో తిరుగాడే కలివికోడి నశించిపోయిందని లోకం ఎన్నో దశాబ్దాలు నమ్మింది. 1986లో అది మళ్ళీ అక్కడే కనబడింది. వెదకవలసిన చోటు వేరొకటి లేదు.

ఆయుర్వేదం చెప్పే గుణాలు

రక్తచందనం తిక్తరసం, శీతవీర్యం గలది. దాహాన్ని, మంటను, రక్తపిత్తాన్ని శమింపజేస్తుందని, చర్మానికి మేలు చేస్తుందని మన నిఘంటువులు పేర్కొన్నాయి. శ్రీగంధానికి ఉన్న పరిమళం దీనికి లేదు. పేరులో చందనమున్నా రెండూ వేరువేరు కుటుంబాల చెట్లు.

ఇంటి వాడకానికి పైపూతయే ఉత్తమం. చెక్కను సానపై పన్నీటితో గాని, మంచినీటితో గాని అరగదీసి, చెమటకాయల మీద, కమిలిన చోట పలుచగా పూసి, ఆరిన తరువాత చల్లని నీటితో కడగాలి. మొదట మోచేతి లోపలివైపు కొద్దిగా పూసి, దురద రాలేదని చూసుకొని వాడడం మంచిది. తెరచిన పుండ్ల మీద పూయరాదు. లోనికి తీసుకొనే మందు వైద్యుని సలహా లేకుండా వద్దు.

అసలైనదా, కాదా?

గత వేసవిలో నేను మూడు దుకాణాల నుంచి మూడు పొట్లాలు తెప్పించి, ఒక్కొక్క చెంచా పొడిని చల్లని నీటిలో వేసి చూశాను. రెండింటిలో నీరు నిమిషాలలో ఎర్రబారింది. అసలైన రక్తచందనంలోని ఎరుపుకు శాంటాలిన్ అనే పదార్థం కారణం. అది చల్లని నీటిలో కరగదు, స్పిరిట్‌లో చక్కగా కరుగుతుంది. నీటికి ధారాళంగా రంగునిచ్చేది పతంగ చెక్క గాని, కలిపిన కృత్రిమపు రంగు గాని అయి ఉంటుంది. చెక్కగా కొన్నపుడు నీటిలో వేసి చూడండి. అసలు చేవ బరువైనది, మునుగుతుంది. ఈ పరీక్షలే సర్వస్వం కావు గాని, ముతక మోసాన్ని పట్టుకోవడానికి చాలును.

చెక్క వెనుక కథ

నకిలీ మాట అటుంచి, అసలైనది ఎలా వచ్చిందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. వంకీలు తిరిగిన నార గల దుంగలకు విదేశాలలో గిరాకీ ఎక్కువ. జపానులో షామిసెన్ అనే తంత్రీవాద్యానికి దీనిని వాడుతారు. ఈ గిరాకీయే అడవిలోకి గొడ్డలిని పంపింది. 1995 నుంచి అంతర్జాతీయ ఒప్పందపు రెండవ అనుబంధంలో రక్తచందనం ఉన్నా, దొంగనరకుడు ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పులకు ఇరవైమంది మరణించారు. వారు తమిళనాడు పల్లెల నుంచి కూలికి వచ్చిన పేదలు. దుంగ అమ్ముడైన ధరలో వారి పాలు ఎంత స్వల్పమో ఊహించవచ్చు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ వృక్షాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల పట్టికలో చేర్చింది.

వేగిసను ఒక కొండ మీద నరికివేస్తే మరో రాష్ట్రపు అడవిలో మిగిలి ఉంటుంది. రక్తచందనానికి అటువంటి రెండవ ఇల్లు లేదు. స్థానీయ జాతి అన్న మాటలోని అసలైన హెచ్చరిక ఇదే.

గృహస్థులు చేయదగినవి

ఇంట పెద్దల కాలం నాటి చెక్క ఉంటే భద్రంగా దాచుకొని, అవసరమైనపుడే అరగదీయండి. చిన్న ముక్క ఒక కుటుంబానికి ఒక తరం వస్తుంది. కొనవలసివస్తే బిల్లు ఇచ్చే చోట, మూలం చెప్పగలిగే చోట మాత్రమే కొనండి. రోజువారీ ముఖలేపనానికి, స్నానపు పిండికి దీనిని వృథా చేయకండి. చలువకు వట్టివేళ్ళు, కలబంద గుజ్జు, ధనియాల నీరు ఉన్నాయి. అవి సులభంగా దొరుకుతాయి, అడవికి బరువు కావు.

రాళ్ళనేల ఉన్న రైతులు అటవీశాఖవారిని సంప్రదించి పెంపకానికి పూనుకోవచ్చు. నరకడానికి, తరలించడానికి అనుమతులు అవసరం గనుక, నాటిన నాటి నుంచే కాగితాలు సరిగా ఉంచుకోవాలి. నాటినవారికి ఫలం అందడానికి కాలం పడుతుంది. అయినా మనుమల కోసం మామిడిమొక్క నాటిన జాతి మనది. ఆ ఓర్పును రక్తచందనం పట్ల కూడ చూపితే, రాబోయే తరాల సానరాయి పక్కన ఆ ఎర్రని చెక్కకు చోటు మిగులుతుంది.