లండను నగరమున ఒక దినము

దేశాటనమువలన జ్ఞానము కలుగునని పెద్దలు చెప్పుదురు. కాని కాలికి బలపము కట్టుకొని తిరిగినంతమాత్రమున జ్ఞానము కలుగదు. చూచినదానిని తెలిసికొనవలెను; తెలిసికొన్నదానిని మరియొకరితో చెప్పుకొనవలెను. అందుచేతనే పరదేశమునకు పోయినవారు వింతలను చూచుటకు ఎంత ఉబలాటపడుదురో, తెలిసినవారిని కలిసికొనుటకును అంతగా ఉబలాటపడుదురు. ఈ రెండు కోరికలును ఒక్క దినముననే నెరవేరిన ఒక వృద్ధుని కథ యిది.

ఆయన గుంటూరు వాస్తవ్యుడు. ఇంగ్లండులోని వేరొక పట్టణమున నున్న కుమారుని చూచి, ఆగస్టు మాసమున తిరుగు ప్రయాణమై లండనులో ఆగెను. విమానమునకు ఒక్క దినము వ్యవధి యుండెను. ఆయన జేబులోని కాగితముమీద చూడదగిన స్థలముల పేర్లు ఇరువది కలవు. ఆయన బాల్యమిత్రుడొకడు వైద్యుడై ముప్పది యేండ్లుగా ఆ నగరముననే కాపురముండెను. టెలిఫోనులో ఆ పట్టికను విని అతడు నవ్వి, "ఏమోయి! ఇరువది స్థలములను కాళ్ళతో చూడగలవు గాని కన్నులతో చూడలేవు. రెండు మూడింటిని ఎన్నుకొనుము. నాకు సాయంకాలమువరకు ఆసుపత్రిలో పని యున్నది. ఏడు గంటలకు మా యింటికి భోజనమునకు రమ్ము" అనెను.

వృద్ధుడు ఆ మాటను పాటించి, ఉదయముననే గ్రీనిచ్ చేరెను. థేమ్సు నదికి దక్షిణమున ఒక గుట్టమీద, 1675లో రెండవ చార్లెసు రాజు స్థాపించిన నక్షత్రశాల యున్నది. నడిసముద్రమున ఓడ ఏ చోట నున్నదో తెలియుటకు నక్షత్రముల గణితము అవసరమగుటచే దానిని కట్టించిరి. 1884లో వాషింగ్టనున సమావేశమైన పలు దేశముల ప్రతినిధులు, ఇచ్చటినుండి పోవు రేఖను సున్నా రేఖాంశముగా నిర్ణయించిరి. ప్రాంగణమున నేలమీద ఆ రేఖను లోహపు బద్దతో గుర్తించినారు. వచ్చినవారెల్లరు ఒక కాలు తూర్పున, ఒక కాలు పడమట నుంచి ఫొటోలు తీయించుకొందురు. నేటి ఉపగ్రహముల లెక్క ప్రకారము అసలు రేఖ దానికి సుమారు 100 మీటర్లు తూర్పుగా నున్నదని తెలిసినను, ఆ వేడుక మాత్రము తగ్గలేదు.

భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును; అనగా గంటకు 15 డిగ్రీలు. భారతదేశపు కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము కాకినాడకు చేరువగా పోవుచున్నది. 82½ను 15చే భాగించినచో 5½ వచ్చును. కావున మన గడియారము గ్రీనిచ్ కాలముకంటె 5½ గంటలు ముందుండును. వేసవిలో ఇంగ్లండువారు తమ గడియారములను ఒక గంట ముందునకు జరుపుకొందురు గనుక, ఆ దినమున భేదము 4½ గంటలే. వృద్ధుడు తన చేతిగడియారమును మార్చక, ఇంటి కాలముననే ఉంచుకొనెను. ఇచ్చట పదిగంటలు కాగా, అందులో రెండున్నర చూపుచుండెను. ఇంటివద్ద భార్య భోజనము ముగించి కునుకుతీయు వేళ! బాల్యమున బడిలో బట్టీపట్టిన లెక్క ఆయనకు ఆ నిమిషమున అనుభవమునకు వచ్చెను.

గ్రీనిచ్ రేవులో పడవ యెక్కి ఆయన నదిమీద పడమరగా సాగెను. ఎత్తైన ఓడలు వచ్చినపుడు నడుమ రెండుగా విడి పైకి లేచు టవరు వంతెనను, 1666 నాటి అగ్నిప్రమాదము తరువాత క్రిస్టఫరు రెన్ నిర్మించిన సెయింటు పాలు దేవాలయపు గుమ్మటమును పడవలోనుండియే చూచెను. పిమ్మట పడవ దిగి, 1863లో ప్రపంచమునకెల్ల మొదటిదిగా ఆరంభమైన భూగర్భపు రైలులో ప్రయాణించి, మధ్యాహ్నమునకు బ్రిటిష్ మ్యూజియము చేరెను.

ఆ ప్రదర్శనశాల 1753లో ఏర్పడి, 1759లో ప్రజలకు తెరువబడినది. దాని శాశ్వత ప్రదర్శనములను చూచుటకు రుసుము లేదు. ఈజిప్టు లిపిని చదువుటకు దారిచూపిన రొసెట్టా శిలచుట్టును జనము క్రిక్కిరిసియుండెను. వృద్ధుడు ఆ గుంపును దాటి, ఆసియాఖండపు శిల్పములున్న వైపునకు పోయెను. అచ్చట గాజుతెర వెనుక తెల్లని పలకలు, స్తంభములు వరుసగా నిలిచియుండెను. ప్రక్కనున్న ఫలకముమీద 'అమరావతి' యను పేరు చూచి ఆయన నిలువబడిపోయెను.

కృష్ణాతీరమునందలి అమరావతి స్తూపము క్రీస్తునకు పూర్వమే ఆరంభమై, శాతవాహనుల కాలమున పెంపొందినది. పలనాటి సున్నపురాతిమీద శిల్పులు బుద్ధుని గాథలను చెక్కిరి. ఆ గదిలోని ఒక పలకమీద స్తూపమే చెక్కబడియున్నది: గుండ్రని అండము, దానిచుట్టు ప్రాకారము, ద్వారముకడ సింహములు, మీద ఆకాశమున తేలు దేవతలు. శిథిలమైన స్తూపము ఒకప్పుడెట్లుండెనో ఇట్టి పలకలను బట్టియే పండితులు ఊహింపగలిగిరి. మరియొక పలకకు రెండువైపులను శిల్పమున్నది. ఒకవైపున బోధివృక్షము, దానిక్రింద ఖాళీ ఆసనము కలవు. బుద్ధుని రూపము లేదు. ఆ తొలికాలమున బుద్ధుని మానవరూపమున చెక్కక, గుర్తులతో సూచించెడివారు. తరముల తరువాత అదే రాతిని త్రిప్పి, రెండవవైపున స్తూపమును చెక్కిరి.

ఈ రాళ్ళు ఇంతదూర మెట్లు వచ్చెను? కాలక్రమమున స్తూపము ఆదరణలేక దిబ్బయై, దీపాలదిన్నె యను పేరుతో మిగిలెను. పదునెనిమిదవ శతాబ్దము చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అచ్చట క్రొత్త పట్టణమును నిర్మించునపుడు, ఇటుకలకును రాళ్ళకును ఆ దిబ్బను త్రవ్విరి. కొన్ని శిల్పములు కట్టడములలో చేరెను. కొన్నింటిని సున్నమునకై కాల్చివేసిరి. 1816లో కర్నలు మెకంజీ వచ్చి, మిగిలినవాటికి చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఇలియట్ త్రవ్వించి, పెక్కు శిల్పములను మద్రాసునకు పంపెను. 1859లో అవి ఓడమీద లండనునకు పోయి, కొంతకాలము ఒక బండ్లకొట్టమున పడియుండి, 1880లో ఈ ప్రదర్శనశాలకు చేరెను. తక్కిన శిల్పములలో పెక్కు నేటి చెన్నై మ్యూజియమునందును, కొన్ని అమరావతియందలి మ్యూజియమునందును ఉన్నవి.

వృద్ధుడు రెండు గంటలసేపు ఆ గదిని విడువలేదు. మూడవ స్థలమును చూచుట మానుకొనెను.

సాయంకాలము మిత్రుని యింట ఆయనకు ఆదరణ లభించెను. మిత్రుని భార్య, "అన్నయ్యగారూ! ఈ దేశములో గోంగూర ఎక్కడ దొరకునని సందేహింపకండి, మా పెరటిలోనే మొలిపించినాము" అని కొసరి వడ్డించెను. ఆయన అమరావతి రాళ్ళ కథను చెప్పగా, మిత్రుడు చేతిలోని ముద్దను అట్లే ఉంచి, "ఈ ఊరిలో ముప్పది యేండ్లున్నాను. ఒక్కనాడును పోయి చూడలేదోయి!" అనెను.

"నిన్ననుటకు నాకు నోరెక్కడిది? అమరావతి మా యింటికి నలుబది కిలోమీటర్ల లోపుననే యున్నది. పదిసార్లు అమరేశ్వరుని సేవించితిని. ప్రక్కనున్న మ్యూజియమును, స్తూపపు దిబ్బను ఒక్కసారియైనను చూడలేదు" అని వృద్ధుడు తల వంచుకొనెను.

అంతవరకు వినుచున్న మిత్రుని మనుమరాలు, పండ్రెండేండ్ల బాలిక, "తాతగారూ! అవి మనవే యైనచో, మనకు తిరిగి ఇచ్చివేయవలెను గదా?" అని అడిగెను.

వృద్ధుడు కొంతసేపాలోచించి యిట్లనెను: "అమ్మా! వారు మన అనుమతి నడిగి తీసికొనిపోలేదు, అది నిజము. మనవారు వాటిని సున్నమునకు కాల్చుటయు నిజమే. 1963 నాటి ఒక చట్టము ప్రకారము, ఆ మ్యూజియమువారు కొన్ని ప్రత్యేక సందర్భములందు తప్ప తమ వస్తువులను ఇతరులకిచ్చుటకు వీలులేదు. చట్టములను మనుష్యులే చేయుదురు గనుక, నీ ప్రశ్నను పెద్దదానవైన పిదపకూడ అడుగుచుండుము. కాని అడుగుటకు ముందు ఆ రాళ్ళను చూడుము. చూడనివాడు 'నాది' యన్నచో ఎవరు నమ్ముదురు?"

మరుసటి ఆదివారమున తాతతో కలిసి అచ్చటికి పోవుదునని ఆ బాలిక మాట యిచ్చెను. సంక్రాంతికి స్వదేశము వచ్చినపుడు అందరును కలిసి అమరావతికి పోవలెనని మిత్రులిరువురును నిశ్చయించుకొనిరి.

ఆ రాత్రి వృద్ధుడు జేబులోని కాగితమును తీసి చూచెను. ఇరువది పేర్లలో ఆయన నిలిచి చూచినవి రెండే. కలము తీసి, పట్టిక చివర ఇరువదియొకటవ పేరు వ్రాసికొనెను: అమరావతి.