నల్లరేగడిలో నాలుగు చక్రముల బండి

కర్ణుని రథచక్రము నేలలో గ్రుంగిన ఘట్టమును మా తండ్రిగారు చదివి వినిపించునపుడు, ఒక్క చక్రము దిగబడినంత మాత్రమున అంతటి వీరుని రథ మేల కదలకపోయెనని బాల్యమున నాకు సందేహముగ నుండెడిది. వివాహమై ధరూరు ప్రాంతమునకు కాపురము వచ్చి, ఒక్క వానకాలము గడపిన పిమ్మట ఆ సందేహము తీరినది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ సీమను ఇచ్చటివారు నడిగడ్డ యందురు. కొంత మేర ఎఱ్ఱ చెలక, కొంత మేర నల్లరేగడి. ఎండకాలమున రేగడి చేయి పట్టునంత బీటలు వాఱును. నాలుగు వానలు పడినచో ఆ నేలయే మెత్తని ముద్దయై కాలికి చెప్పు మిగులనీయదు. ఇక బండి టైరు సంగతి చెప్పనేల?

మా వారు పాఠశాలలో నుపాధ్యాయులు. మూడేండ్ల క్రిందట, నాలుగు చక్రములకును ఇంజను బలము పోవునట్టి పాత జీపు నొకదానిని కొంటిమి. బడిపంతులుగారి యింట జీపేమిటని బంధువులు నవ్విరి. మా అత్తగారు మాత్రము, “వానలు పడనీయండి, అప్పుడు నవ్వుదురుగాక” అనిరి. నడుపుట మా వారికంటె నాకే ముందుగ పట్టుబడినది. ఆయన యిప్పటికిని గేరు మార్చునపుడు క్రిందికి చూచుదురు.

సామాన్యమైన కారులో ఇంజను బలము రెండు చక్రములకే పోవును. మలుపులో బయటి చక్రము లోపలిదానికంటె నెక్కువ దూరము తిరుగవలయును గనుక, వానిని వేర్వేరు వేగములతో తిరుగనిచ్చుటకు ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అను పండ్లచక్రముల అమరిక కలదు. గట్టి నేలపై నిది మేలు. బురదలో ఇదియే కీడు. కాలువ నీరు పల్లమునకే పాఱునట్లు ఇంజను బలము పట్టులేని చక్రమునకే పోవును. అది గిరగిర తిరుగుచు తన గొయ్యి తానే త్రవ్వుకొనును, గట్టి నేలమీదనున్న రెండవది ఊరక నిలుచును. కర్ణుని రథమును లాగినవి గుఱ్ఱములు, మోటారు బండిని నడుపునవి దాని చక్రములే. కావున బలమును ముందు వెనుకల రెండిరుసులకును పంచినచో, ఒకచోట జాఱినను మఱియొకచోట పట్టు దొరకును.

ఈ పంపకమును చేయు పెట్టెను ట్రాన్స్‌ఫర్ కేసు అందురు. దానికి గేరు రాడ్డు ప్రక్కన రెండవ రాడ్డు కలదు. ఒక స్థానమున రెండు చక్రములు, రెండవదాన నాలుగు, మూడవదాన నాలుగు చక్రములకు ‘లో’ గేరు. ఈ ‘లో’లో వేగము తగ్గి లాగుబలము హెచ్చును. నేను నేర్చుకొనిన మొదటి నెలలో, నాలుగు చక్రములు మంచివే కదా యని తలచి, ఎండిన తారురోడ్డుపై గద్వాలవఱకు అట్లే నడిపితిని. మలుపులలో స్టీరింగు బరువెక్కెను, టైర్లు కీచుమనెను. మెకానిక్కు చూచి, “అమ్మా, ఇంకొంత దూరము పోయియుంటే పండ్లు రాలెడివి” అని మందలించినాడు. మలుపులో ముందు చక్రములు వెనుకవానికంటె పెద్ద వలయమున పోవును. మా పాత జీపువంటివానిలో రెండిరుసులను ఒక్కటిగ బిగించినపుడు ఆ తేడా తీరుటకు తారుపై దారి లేదు. బురదలోనైన టైరు కొంచెము జాఱి తీర్చుకొనును.

నాలుగు చక్రముల బలము బండిని ముందుకు నడుపుటకే. ఆపుట తక్కిన బండ్లవంటిదే, ఎట్టి బండికైనను బ్రేకు నాలుగు చక్రములకును కలదు. తడిరోడ్డుపై జీపులవారు చూపు పొగరును చూచినప్పుడెల్ల నాకు ఈ మాట చెప్పవలెననిపించును.

బండిలో నుంచుకొనవలసిన సామగ్రిలో మొదటిది మంచి టైరు. రేగడి మన్ను టైరు గాళ్ళలో నిండినచో కొత్త టైరైనను గుండువలె జాఱును గనుక, గాళ్ళు వెడల్పుగ నున్నవి తీసికొనవలయును. పార, మోకు, తోలు చేతొడుగులు, గాలి కొలుచు సాధనము, చిన్న పంపు, టార్చిలైటు, త్రాగునీరు, రెండు గట్టి పలకలు. జాకీ క్రింద వేయుటకు మఱియొక చెక్క మఱువరాదు. అది లేనిచో బండి లేవదు, జాకీయే భూమిలోనికి పోవును. మోకుతో లాగునపుడు బంపరునకు గాక చట్రమునకున్న కొక్కెమునకే తగిలించి, మోకుపై తడి గోనె వేసి, అందఱిని దూరముగ నిలుపవలయును. తెగిన మోకు కొరడావలె వచ్చును. ఏటియిసుకలో టైరు గాలి సుమారు ముప్పదినుండి పదునెనిమిదికి దించినచో అది చపాతివలె వెడల్పై ఇసుకపై తేలిపోవును. తారురోడ్డెక్కగనే మరల నింపవలయును. ఇక కొంగు నడుమున బిగించుట, జాఱు చెప్పులు విడుచుట మన కాడువారికి ప్రత్యేకము. గద్వాల చీర కట్టుకొని జీపు క్రిందికి దూరరాదని వేఱుగ చెప్పనక్కఱ లేదు.

సామగ్రి లేనిచోట యుక్తి యుండవలెను. 1888 ఆగస్టులో జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను ఇల్లాలు, భర్తకు చెప్పకయే ఆయన చేసిన మోటారు బండిలో ఇద్దఱు కుమారులతో నూఱు కిలోమీటర్లు పోయినది. దారిలో ఇంధనపు గొట్టము పూడిపోగా టోపీ పిన్నుతో శుభ్రపఱచినదట. జీపు పుట్టినది రెండవ ప్రపంచయుద్ధమున, అమెరికాలో. అట్టిదానిని నడుపుటకు మగతనమేమియు నక్కఱలేదు, ఓర్పు కావలయును.

ఆ ఓర్పు నాకు గడచిన యేటి శ్రావణమున పరీక్షకు వచ్చినది. అర్ధరాత్రి మా ప్రక్కయింటి కోడలికి నొప్పులు ప్రారంభమయ్యెను. అంబులెన్సు వాగునకు ఆవలి గట్టున నిలిచిపోయినది. జీపును గట్టువఱకు తీసికొనిపోయితిని. ఎండకాలమున నా మోకాలికి పైగా నుండెడి రాయి, గట్టున పాతినది, దీపపు వెలుగులో ఎంత వెదకినను కనబడలేదు. నీరు నల్లగ సుడులు తిరుగుచుండెను. “నీది నాలుగు చక్రాల బండి కదా, దాటించమ్మా!” అని ఆ పిల్ల అత్త నా చేతులు పట్టుకొనెను. మా వారును మెల్లగా పోయి చూతమా యన్నట్లు నా వైపు చూచిరి.

పాఱునీరు ఒక అడుగున్నను చిన్న కారును తేల్చగలదు. రెండడుగులైనచో జీపువంటివానిని గూడ చాలవఱకు కొట్టుకొనిపోవును. తేలిన బండికి ఎన్ని చక్రములకు బలమున్న నేమి, నేల తాకవలెను గదా! ఇంజను గాలితో బాటు నీరు పీల్చినచో అక్కడనే ఆగిపోవును. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగి అలంపురమును కర్నూలును ముంచిన కథ లీ నడిగడ్డలో ఎఱుగనివారు లేరు. నేను బండిని వెనుకకు త్రిప్పితిని. ఆమె నన్ను తిట్టినది. ఆ మాటలు వ్రాయను.

చేల గట్లవెంట చుట్టుదారి పట్టితిమి. ‘లో’ రెండవ గేరు, ఒకటే నడక. గతుకులకు స్టీరింగు తిరిగి వ్రేలు విఱువకుండ బొటనవ్రేళ్ళు పైననే యుంచితిని. ఒక పత్తిచేని అంచున బండి దిగబడెను. యాక్సిలరేటరు త్రొక్కలేదు, త్రొక్కిన కొలది లోతగును. మా వారును ఆ పిల్ల భర్తయు పారలతో టైర్ల ముందరి మన్ను తీసి, పలకలు వేసి, కందికట్టె పఱచిరి. వెనుక సీటులో ఆ పిల్ల నా కొంగు పట్టుకొని మూల్గుచుండెను. రెండవ ప్రయత్నమున బండి లేచినది. గద్వాల ఆసుపత్రి చేరుసరికి తెల్లవాఱుచుండెను. గంటలోపల ఆడపిల్ల పుట్టినది, తల్లియు క్షేమము.

మఱునాడు వాగు తగ్గినది. కల్వర్టు చెక్కు చెదరలేదు. దాటియుంటే దాటెడివారమేమో! ఆ పెద్దామె యిప్పటికిని ఆ మాటయే యనును, అనుచునే మా యింటికి వేరుసెనగకాయలు తెచ్చియిచ్చును. ఆ రాతిపై నా మోకాలి యెత్తున ఎఱ్ఱరంగు గీత నొకటి గీయించితిని. గీత మునిగిన దినమున జీపు వాగువైపు పోదు. పలకలును మోకును మాత్రము దానిలో నెప్పుడును సిద్ధముగ నుండును.